నైస్ మీద ఎర్రగీత

ఇంగ్లీషు మాస్టారి చొక్కా జేబుకి ఎప్పుడూ ఓ ఎర్రసిరా మరక ఉండేది. ఏ నోటుబుక్కులో 'నైస్' కనపడినా కళ్లజోడు ముక్కు మీదికి దించుకుని, స్కేలు పెట్టి మరీ కొట్టేసేవారు. "ఆ మాట పుట్టినప్పుడు ఏమీ తెలియనివాడని అర్థంరా. తర్వాత తెలివితక్కువవాడు, ఆపైన పట్టింపులవాడు. ఇప్పుడేమో పెన్నూ నైసే, పెళ్లీ నైసే. ఏం చెప్పినట్టు?" అనేవారు. నాలుగో తరగతి కూతురు పెన్సిలుతో 'మా అమ్మ నైస్' అని ఇంగ్లీషులో రాస్తే దాన్నీ వదల్లేదు. కుట్టుమిషను ముందు కూర్చున్న భార్య దారం కొరుకుతూ, "నా గురించి రాసిందండీ. ఆ ఒక్కటీ ఉంచెయ్యకూడదా?" అంది. "ఎవరి గురించి రాసినా తప్పు తప్పే," అన్నారు. ఆమె మళ్లీ మిషను తొక్కడం మొదలుపెట్టింది.

ఏళ్లు గడిచాయి. ఆమె పోయిన ఆర్నెల్లకి, "నాన్నా, అమ్మ ఫోటో కింద ఒక్క ముక్క రాసివ్వండి," అని కూతురు అడిగింది. మూడు రోజులు కూర్చున్నారు. రాసిన ప్రతి మాటనీ అలవాటు కొద్దీ ఆయనే కొట్టేసుకున్నారు. నాలుగో రోజు కత్తెర కోసం మిషను సొరుగు లాగితే మడతపెట్టిన పాత కాగితం దొరికింది. కూతురు రాసిన ఆ పేజీయే. గీత చెరిపేద్దామని భార్య రబ్బరుతో ఎంత రుద్దిందో, కాగితం ఉల్లిపొరలా అయిపోయింది. ఎర్రసిరా మాత్రం పోలేదు, పెన్సిలు మాటే పోయింది. మాస్టారు దాన్ని కిటికీ వెలుతురుకి పట్టి చూశారు. 'మా అమ్మ' తర్వాత ఆయన గీత ఒక్కటే మిగిలింది.