పాచి తీసే ఉద్యోగం

మొన్న మా అపార్టుమెంటు నీళ్ల ట్యాంకు కడగడానికి మద్దిలపాలెం నుంచి వచ్చిన మనిషి, పని ముగించి, "పాచంతా తీసీసినాను బాబూ, సూసుకోండి" అన్నాడు. ఆ మాట వినగానే మా బావ గుర్తొచ్చాడు. లోపలికి వెళ్లి పాత డైరీలు దింపాను. డెబ్భైల చివర, నాకు పోర్టులో డ్యూటీ లేని ఆదివారాలన్నిటిలోనూ ఆయనే ఉన్నాడు.

బావ అంటే మా అక్క భర్త. గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇక్కడ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేవాడు. మంచినీళ్లలో పెరిగే పాచి మీద ఆయన పరిశోధన. గాజువాక అవతల ఒక చెరువులో ఏ పుస్తకంతోనూ సరిపోలని పాచి ఒకటి ఆయనకు దొరికింది. అది కొత్తదని ఒప్పుకోవాలంటే మరో వానాకాలంలో కూడా అది బీజాలు కట్టడం చూసి రాయాలని పైవాళ్లు మెలిక పెట్టారు. సీసాల సంచీ మొయ్యడానికి నన్ను బస్సెక్కించేవాడు. అక్క మాత్రం ఆ సీసాలను వంటింటి గడప దాటనిచ్చేది కాదు. "నూతి దగ్గర పాచి కడగలేక నేను చస్తుంటే, మీరు ఊళ్లో పాచి మోసుకొస్తారా?" అనేది.

చెరువు గట్టున బట్టలుతుక్కునే ముసలామె ఒకరోజు, "ఏటి సేత్తన్నావు బాబూ?" అని అడిగింది.

"పాచి తీస్తున్నాను పెద్దమ్మా" అన్నాడు బావ.

"ఇంత సెరువూ నీవొక్కడివేనా? గవర్మెంటోలికి బుద్ది నేదేటి, ఇంకో మనిసిని పెట్టొచ్చు గదా!"

బావ పడిపడి నవ్వాడు గాని, విడమరచి చెప్పలేదు.

ఆ ఏడు వానలు మొదలయ్యే వేళకు పచ్చకామెర్లతో మంచం పట్టాడు. తేరుకుని, నా భుజం పట్టుకుని చెరువు దగ్గరికి వెళ్లేసరికి నీళ్లు అద్దంలా ఉన్నాయి. ఊరంతా దిగి పాచి ఎత్తిపోసి, మళ్లీ పుట్టకుండా మైలుతుత్తం కలిపారు. ముసలామె మురిసిపోతూ ఎదురొచ్చింది. "ఒంట్లో బాగునేదని తెలిసింది బాబూ. నీ పని మాం సేసీసినాం. నీ ఉజ్జోగానికేటీ కాదు, బెంగెట్టుకోకు."

బావ గట్టు మీద కూర్చుండిపోయాడు. దోసిలితో నీళ్లు తీసి వెలుగులో చూశాడు. ఏమీ లేదు. నేను నోరు తెరవబోతే మోకాలి మీద చెయ్యి వేసి ఆపాడు. "చాలా బాగా చేశారు పెద్దమ్మా" అన్నాడు. ఆమె తెచ్చిన టీ చివరి చుక్క దాకా తాగాడు. తిరుగు బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

తర్వాత కూడా వెళ్తూనే ఉన్నాం. ఆ పాచి మళ్లీ కనబడలేదు. ఎనభైల్లో చెరువు పూడ్చి క్వార్టర్లు కట్టారు. బావ పాఠాలు చెప్పుకుంటూ రిటైరయ్యాడు, దానికి పేరు పెట్టకుండానే పోయాడు. మనిషి బతుకులో వానాకాలాలు చాలానే వస్తాయి. ఆయనకు కావలసింది మాత్రం ఆ ఒక్కటే.