నాకు ఎదురుగా నిలబడిన లక్ష్మక్క

మొన్న బజారులో నూనె అంగడి దాటుతుంటే ఆముదం వాసన గుప్పుమంది. ఎండలకు కోలాటం కోలలు చీలిపోకుండా లక్ష్మక్క వాటికి ఆముదం పట్టించేది. ఆ వాసన ఆమె చేతులకు, చీర కొంగుకు ఎప్పుడూ ఉండేది. ఆమె పోయి రెండేళ్లు. అంగడి ముందు అలాగే నిలబడిపోయాను. ఏం కావాలని అంగడాయన అడిగితే, అక్కర్లేకపోయినా ఒక చిన్న సీసా ఆముదం కొనుక్కుని ఇంటికి వచ్చాను.

మాది ధర్మవరంలో నేతవాళ్ల కాలనీ. ఇక్కడి ఆడవాళ్ల మనసుకు కాస్త ఊరటగా ఉంటుందని ఏదో సంస్థ వాళ్లు కమ్యూనిటీ హాలులో కోలాటం మొదలుపెట్టారు. నేర్పడానికి గార్లదిన్నె వైపు నుంచి లక్ష్మక్కను పిలిపించారు. ఏడాది తిరక్కముందే సంస్థ వాళ్లు సర్దుకుని వెళ్లిపోయారు. ఆమె మాత్రం ఇక్కడే ఒక గది అద్దెకు తీసుకుని ఉండిపోయింది. ఇవన్నీ నాకు తర్వాత తెలిసిన సంగతులు. ఆమె నాకు పరిచయమయ్యేనాటికి మా ఆయన పోయి ఏడు నెలలు. మగ్గం అమ్మేశాక ఇంట్లో చప్పుడన్నదే లేదు. పగలు కూడా తలుపు వేసుకుని పడుకునేదాన్ని. తెల్లారి లేవకపోతే బాగుండునని చాలాసార్లు అనుకున్నాను.

ఒక సాయంత్రం ఎవరో తలుపు దబదబా బాదారు.

"ఏమ్మే, తలుపు తీయ్! నేను లక్ష్మక్కను, కోలాటం నేర్పేదాన్ని. నాకు జత లేకుండా పోయినాది. ఎదురుగా నిలబడేవాళ్లు లేక కోలలు పట్టుకొని ఊరికే ఉండాను. నువ్వు రావల్ల."

"నాకు రాదక్కా."

"అందరికీ పుట్టుకతోనే వచ్చినాదా? రా, నేర్పిస్తా."

తప్పించుకోలేక వెళ్లాను. హాలు గడపలోనే నాగరత్నమ్మ అనే ఆవిడ మూతి తిప్పింది. "మొగుడు పోయి ఏడాది కాల్యా, కోలాటమంట!" లక్ష్మక్క వెనక్కి తిరిగి, "పోయింది మొగుడు. చేతులు పోలేదు గదా" అని నా చేతిలో కోలలు పెట్టింది. ఆ మాటకు నాకు ఏడుపు రావలసింది, నవ్వు వచ్చింది. ఏడు నెలల్లో అదే మొదటి నవ్వు.

ఆ రోజు నుంచి ఏడాదిన్నర ఆమె నాకు జతగా ఆడింది. నేను త్వరగానే నేర్చుకున్నాను, దాంతోపాటు పొగరూ వచ్చింది. ఆమె అడుగు వెనకబడేది, తిరిగేచోట తడబడేది. "అక్కా, నేర్పేదానివి నువ్వే తాళం తప్పితే ఎట్లా?" అని అందరి ముందూ ఎకసెక్కమాడేదాన్ని. "ముసలి అడుగులు లేమ్మే, సర్దుకో" అనేది. నేను సర్దుకోలేదు. ఒక్కోసారి విసుక్కున్నాను కూడా.

ఆమె నిద్రలోనే పోయింది. దినాల రోజు నాగరత్నమ్మ నా పక్కన కూర్చుని, మాటల మధ్యలో చెప్పింది.

"నువ్వు రాకముందు లక్ష్మక్క ఆడేది యాడమ్మే? మోకాళ్లు అరిగిపోయి, నడుమ కుర్చీ ఏసుకొని తాళం ఏస్తాండె. మేము పన్నెండు మందిమి, ఆరు జతలు. నీకోసరమే లేచి నిలబడింది. ఇంటికి పోయి రోజూ కాళ్లకు కాపడం పెట్టుకొనేది."

జత కావలసింది నాకు. ఆ మాట నాతో అంటే తలుపు తీసేదాన్ని కాదని ఆమెకు తెలుసు. అందుకే తనకు లేదని చెప్పింది. ఆ అబద్ధాన్ని నిలబెట్టడానికి ఏడాదిన్నర నొప్పి ఓర్చుకుంది. అలాంటి మనిషిని వెక్కిరించిన నోరు ఇది. ఎవరికి చెప్పుకుని ఏడవను?

ఆమె పోయాక కోలాటం ఆగిపోయింది, హాలు మూసేశారు. మా వరుసలో చివరి ఇంటికి ఈమధ్య ఒకామె కొత్తగా వచ్చింది. పగలంతా ఆ తలుపు తెరుచుకోదు. మూడుసార్లు ఆ గడప దాకా వెళ్లి తిరిగి వచ్చాను. అనవలసిన మాట నాకు తెలుసు. నాకు తోడు లేదు, రామ్మా అనాలి. లక్ష్మక్కకు అది అబద్ధం, అందుకే అంత ధాటిగా అనగలిగింది. నాకు అది నిజం. నిజం కావడం వల్లే కాబోలు, గొంతు దాటడం లేదు. రేపు మళ్లీ వెళ్లి చూడాలి.