సగం చేను

సోమవారం పొద్దున మేడంగారి తమ్ముడు ఫోన్ చేశారు. "అక్క లేదమ్మా. తెల్లారగట్ల పోయింది" అన్నారు. నేను "సరేనండీ" అన్నాను. అలా అన్నందుకు ఇంకా సిగ్గుగానే ఉంది.

మీలో చాలామందికి ఆవిడ తెలియదు. బందరులో ఒక చిన్న సంస్థ తరఫున దివిసీమ సన్నకారు రైతులకు శిక్షణ ఇచ్చేవారు. వారంలో నాలుగు రోజులు అవనిగడ్డ బస్సులోనే గడిచేవి. ఊళ్ళో ఎవరైనా కుర్చీ తెచ్చి వేస్తే దాని మీద గొడుగు పెట్టి, తాను అరుగు మీదో చాప మీదో కూర్చునేవారు. "పైన కూర్చుంటే అందరూ తలూపుతారు. నాకు కాదనేవాళ్ళు కావాలి" అనేవారు.

నేను ఎక్కువ మాట్లాడే మనిషిని కాదు. కాన్వెంటులో చదివిన పన్నెండేళ్ళూ లైబ్రరీ కిటికీ పక్కనే గడిపాను. డిగ్రీ అయ్యి ఖాళీగా ఉన్నప్పుడు, చర్చిలో నేను వాక్యం చదవడం విని ఆవిడ నన్ను పిలిచారు. రైతుల ఫోన్లకు రోజూ ఒక నిమిషం సందేశం పంపే పని అప్పుడే కొత్తగా మొదలైంది. ఆవిడ చెప్పింది నేను రాసి, చదివి, రికార్డు చేయాలి.

"నాకు మాట్లాడ్డం రాదండీ."

"మంచిదే. వచ్చినవాళ్ళు ఓ పట్టాన ఆపరు."

ఆఫీసు మెట్ల దగ్గర చేపలమ్మే ఆవిడ ఉండేది. మెరకపొలం కౌలుకు చేసుకునే ఇల్లు వాళ్ళది. ఏ సందేశమైనా ముందు ఆమెకు చదివి వినిపించాలి. అది మేడంగారు పెట్టిన నియమం. నేను గొంతు సవరించుకుని చదివితే ఆమె కత్తిపీట ఆపి, "ఏంటమ్మాయ్, వార్తలు చదువుతున్నావా? నాకు చెప్పు, నాకు" అనేది. నేను తిరిగి వెళ్ళి మళ్ళీ రాసేదాన్ని. మామూలు మాట రాయడం నాకు నేర్పింది వాళ్ళిద్దరే.

పోయిన నవంబరులో, కోసిన వరి పనలు పనలుగా చేలల్లో పడి ఉండగా ముసురు పట్టింది. తడిసిన పనలు రెండు మూడు రోజుల్లో మొలకెత్తుతాయి. మొలకెత్తిన ధాన్యం ఎవరూ కొనరు. లీటరు నీళ్ళకు యాభై గ్రాముల ఉప్పు కలిపి పనల మీద పిచికారీ చేస్తే మొలక ఆగుతుంది. మేడంగారు గబగబా చెప్పారు, నేను గబగబా రాశాను. వానకు చేపలావిడ రాలేదు. ఎవరికీ వినిపించకుండానే పంపేశాం.

మర్నాడు నాగాయలంక వైపు ఒక ఊరికి వెళ్తే ఏ చేలోనూ స్ప్రేయరు కనపడలేదు. పనల పక్కన గట్టు మీద ఒకామె గోనెసంచి కప్పుకుని కూర్చుని ఉంది. మేడంగారి క్లాసులకు ఎప్పుడూ ముందు వరసలో కూర్చునే మనిషే.

"ఈ పాపేనా ఫోన్లో చదివేది? గొంతు బానే ఉంది. చెప్పిందే బాలేదు" అంది నన్ను చూసి.

"ఎందుకు కొట్టలేదమ్మా?" అని అడిగారు మేడంగారు.

"ఉప్పా మేడంగారూ? ఉప్పెనలో మా నాన్న చేనంతా ఉప్పు పట్టింది. అది కడగటానికే మా అమ్మ బతుకు సరిపోయింది. ఇప్పుడు మీరు మూట కట్టుకొచ్చి చల్లమంటే ఎట్టా?"

"గింజకు పట్టేంతే. నేల చెడదు."

"చెడితే? చేను నాది కాదండీ, కౌలు. నేల పాడైందంటే ఆసామి వచ్చే ఏడు నా మొహం చూడడు."

మేడంగారు గట్టు మీద ఆమె పక్కనే కూర్చుని, వెంట తెచ్చిన ఉప్పులోంచి లీటరు నీళ్ళకు పడేంత అరచేతిలో పోసి చూపించారు. ఆమె దాన్ని వేళ్ళతో కదిపి చూసింది.

"సగం చేను మీకిస్తా. రెండో సగం ముట్టుకోమాకండి."

ఆ సగమే పిచికారీ చేసి వచ్చాం. ముసురు ఇంకో రెండు రోజులు విడవలేదు. నాలుగో రోజు వెళ్ళి చూస్తే ఉప్పునీళ్ళు కొట్టిన సగంలో గింజ గింజలాగే ఉంది. రెండో సగం పచ్చగా మొలిచింది.

నాకు లోపల సంతోషం కలిగింది. దాచుకోను. "మీరు చెప్పిందే నిజమైందండీ" అన్నాను.

"ఆ మాట ఆమె వినేలా అనకు" అన్నారు మేడంగారు.

ఆ చేను కౌలుకు చేసే ఆమె మమ్మల్ని తప్పు పట్టలేదు. "నేనే కదండీ వద్దంది" అంది.

"వద్దనడానికి నీకు కారణం ఉందమ్మా. ముందే అడగకపోవడానికి నాకే లేదు."

తిరిగి వచ్చాక మేడంగారు పని తీరు మార్చారు. సందేశం చివర ఆఫీసు నంబరు చెప్పించి, సాయంత్రాలు ఫోను పక్కనే కూర్చునేవారు. "మనిషి ముందుంటే ఎదురు చెప్తాడు. ఫోనైతే పెట్టేస్తాడు. ఆ పెట్టేసినవాడి మాటే మనకు కావాలి" అనేవారు. ఎవరైనా ఫోన్ చేసి తిడితే పూర్తిగా విని, కాయితం మీద రాసుకుని, నా ముందు పెట్టేవారు. నేను ఇవాళ ఏది రాసినా, చదివేవాళ్ళకు దేనికి భయమో ముందు ఆలోచిస్తాను. అది ఆవిడ ఇచ్చిందే.

ఆవిడ పోయారన్నప్పటి నుంచీ మాత్రం ఆ నాలుగో రోజు సాయంత్రమే కళ్ళముందు ఉంటోంది. మొలకల వేర్లు ఒకదానిలో ఒకటి అల్లుకుపోయి, ఒక పన ఎత్తితే పక్కది కూడా లేచి వచ్చేది. మేడంగారు చీర కుచ్చిళ్ళు ఎగదోపి చేలోకి దిగారు.

"చీర పాడవుద్ది మేడంగారూ" అంది చేను కౌలుకు చేసే ఆమె.

చెప్పులు విడిచి నేనూ దిగాను. బురద చల్లగా ఉంది. ఆమె పనలు విడదీసి అందిస్తుంటే మేడంగారు వంగి, ఇంకా మొలవని కంకులను ఒక్కొక్కటే తెంపి ఒడిలో వేసుకుంటున్నారు. ఎంతసేపటికీ ఆ ఒడి నిండలేదు.