రెండో మేజోడు

నా చిన్నప్పుడు, నాకు తొమ్మిదేళ్ళు నిండిన ఏడాది, మా అమ్మ పోయింది. నేను ఏడవలేదు. ఈ మాట ముందే చెప్పేయడం మంచిది, ఎందుకంటే మా ఇంటికి పరామర్శకు వచ్చిన ఆడవాళ్ళకు అమ్మ పోవడం కన్నా నేను ఏడవకపోవడమే పెద్ద వార్త అయింది. ఒకావిడ నన్ను ఒళ్ళోకి లాక్కుని తల నిమిరేది. ఇంకొకావిడ గడ్డం పట్టుకుని కళ్ళలోకి తొంగి చూసేది. "ఏడ్చేయ్ పాపా, ఏడిస్తే మనసు తేలికవతాది" అనేవాళ్ళు. నాకు బరువుగా ఉంటే కదా తేలికవడానికి! బరువూ లేదు, ఏమీ లేదు. వాళ్ళ చీరల అంచులు చూస్తూ, అవి ఎప్పుడు లేచి వెళ్ళిపోతాయా అని కూర్చునేదాన్ని.

మాది మద్రాసులో చూలై. ఎన్నో తరాల కింద వచ్చి అక్కడే పాతుకుపోయిన తెలుగువాళ్ళం. కింద మా నాయన రేకు ట్రంకుపెట్టెలు చేసే కొట్టు, మేడ మీద మా కాపురం. పొద్దున సుత్తి దెబ్బలు మొదలైతే దీపాలు పెట్టేదాకా ఆగేవి కావు. అమ్మ కర్మ అయిన మర్నాడే నాయన కొట్టు తెరిచాడు. వీధిలో నలుగురూ నాలుగు రకాలుగా అనుకున్నారు. నాకు మాత్రం ఆ చప్పుడు మళ్ళీ వినబడడం మేలే అయింది. ఆ మోతలో ఎవరి ఓదార్పూ చెవిన పడదు.

నాయనను కన్న మా అవ్వ గట్టి మనిషి. ఆచారం అంటే ఆచారమే, దానికి అటూ ఇటూ ఉండదు. పోయినవాళ్ళ సామాను ఇంట్లో ఉంటే వాళ్ళకు దోవ తెలిసిపోతుందని, మళ్ళీ మళ్ళీ ఇక్కడికే వస్తారని ఆమె నమ్మకం. కర్మ రోజు సాయంత్రం అమ్మ చీరలు, దుప్పటి, దువ్వెన, మందు తాగిన గ్లాసు, ఆఖరికి నూలుండలూ అల్లిక సూదులూ ఉన్న వెదురుబుట్టతో సహా మూటగట్టి చాకలామెకు ఇచ్చి పంపేసింది. నేను మెట్ల మీద కూర్చుని ఆ మూట సందు మలుపు తిరిగేదాకా చూశాను. ఇంట్లో మిగిలిందల్లా నా తెల్ల మేజోళ్ళ జత ఒక్కటే. అవి అమ్మ అల్లినవే గానీ, అప్పటికి నా కాళ్ళకు ఉన్నాయి కనుక నా సొత్తు కిందే జమ, అవ్వ వాటి జోలికి రాలేదు. దోవ తెలిసిపోతుందన్న మాటను నేను నాకు తోచినట్టు పట్టుకున్నాను. ఈ జత ఇంట్లో ఉన్నంతకాలం అమ్మకు దోవ తెలుస్తుంది. వస్తే రానీ అనుకున్నాను. అది ఆశ అని కూడా చెప్పలేను. తలుపు గడియ పెట్టకుండా ఉంచడం లాంటిది, అంతే.

మేజోళ్ళ గోల ఎందుకంటే, నేను చదివేది సిస్టర్లు నడిపే ఆడపిల్లల బడి. నల్ల బూట్లు, తెల్ల మేజోళ్ళు లేకపోతే లోపలికి రానివ్వరు. మద్రాసు ఎండలో పసిపిల్లలకు మేజోళ్ళు దేనికో ఆ సిస్టర్లకే తెలియాలి. అంగట్లో అమ్మేవి మధ్యాహ్నానికే జారిపోయి చీలమండల దగ్గర ముడతలు పడతాయని అమ్మ తానే నూలుతో అల్లేది. ఆ ఆఖరి జత మాత్రం మంచాన పడ్డాక, దిండ్లకు ఆనుకుని కూర్చుని అల్లింది.

రెండు నెలలు తిరిగేసరికి ఎడమకాలి మేజోడు మడమ దగ్గర చిల్లు పడింది. మొదట కందిగింజంత ఉన్నది, వారానికల్లా పావలా కాసంత అయింది. "కాలీడ్చుకుంటా నడిస్తే చిరక్క ఏమవతాది?" అంది అవ్వ. ఆ రోజుల్లో నేను నిజంగానే కాళ్ళీడ్చి నడిచేదాన్ని, ఎత్తి వేయాలని తోచేది కాదు. అమ్మ చేతిది ఒక్కటంటే ఒక్కటి మిగిలితే దాన్ని కూడా నేనే పాడుచేసుకున్నానని గట్టిగా నమ్మాను. నమ్మినా దుఃఖం రాలేదు. అవ్వ డబ్బాలోంచి సూదీ దారం తీసి, గోనెసంచి మూతి కట్టినట్టు చిల్లు చుట్టూ కుట్టు వేసి, బిగించి లాగి ముడేశాను. చిల్లు కనబడకుండా పోయింది. దాని బదులు రేగ్గింజంత ఉండ తయారైంది.

ఆ ఉండ మీద నాలుగు రోజులు బడికి నడిచాను, పోనూ రానూ. శుక్రవారం పొద్దున ప్రార్థన వరసలో నా వెనక నిలబడ్డ పిల్ల కెవ్వుమంది. చూస్తే నా మడమ అంతా ఎర్రగా తడిసి ఉంది. సిస్టరు పరుగున వచ్చి బూటు విప్పింది. బొబ్బ చితికి, తోలు లేచిపోయి ఉంది. నొప్పిగా లేదా అని అరవంలో అడిగింది. లేదన్నాను. అబద్ధం కాదు, నిజంగానే లేదు. ఆమె నన్ను కాసేపు వింతగా చూసి, కట్టు కట్టి, ఇంటికి చీటీ రాసి పంపింది. సోమవారం కొత్త మేజోళ్ళతో వస్తేనే రమ్మని. అవ్వ ఆ చిరుగుపాతను అవతల పారేయమంది. నాయన సుత్తి దించకుండానే సరేనని తలూపాడు. నేను ఎవరూ చూడకుండా ఆ జతను కొట్టులో రంగు వేయని ట్రంకుపెట్టె ఒకదానిలో దాచేశాను.

ఆదివారం మా మామ వచ్చాడు. అమ్మకు తమ్ముడు. యుద్ధంలో పటాలంలో పనిచేసి, తిరిగొచ్చాక తిరువొత్తియూరులో ఒక ఫ్యాక్టరీలో చేరాడు. ఆదివారం ఆదివారం అక్కను చూడడానికి అంత దూరం సైకిలు తొక్కుకుంటూ వచ్చేవాడు. అక్క పోయాక కూడా ఆ రావడం మానలేదు. వచ్చి, గోడకు ఆనుకుని కూర్చుని, కాఫీ తాగి, నాలుగు మాటలు కూడా మాట్లాడకుండా వెళ్ళిపోయేవాడు. ఆ రోజు అవ్వ నా మొండితనం గురించి ఏకరువు పెట్టింది. మామ మేజోళ్ళ సంగతి అడగలేదు. ముందు కాలు చూపించమన్నాడు. కట్టు విప్పి చాలాసేపు చూశాడు.

"నొప్పి లేదా పాపా?"

"లేదు మామా."

"నాకూ అంతే. మొన్న పనిలో చెయ్యి కాలింది. వాసనొస్తే గానీ చూసుకోలా." చొక్కా చెయ్యి పైకి మడిచి చూపించాడు. మోచేతి కింద బెత్తెడు మేర చర్మం నల్లగా కమిలి ఉంది. అంతమంది ఏడ్చేయమని చెప్పారు గానీ, తనకూ అలాగే ఉందని చెప్పినవాడు మా మామ ఒక్కడే. నేను లేచి వెళ్ళి, పెట్టెలోంచి మేజోళ్ళు తెచ్చి ఆయన చేతికిచ్చాను.

నా కుట్టు చూసి నవ్వలేదు. ముడి ఉన్న మేజోడుతో పది మైళ్ళు నడిస్తే ఎంత మొనగాడైనా మూల కూర్చుంటాడని, అందుకే పటాలంలో తుపాకీ తుడవడంతో పాటు మేజోళ్ళకు రఫ్ఫు వేయడం కూడా నేర్పారని చెప్పాడు. నా కుట్టు విప్పి, నెత్తురు మరక చన్నీళ్ళలో ఉతికి, పిట్టగోడ మీద ఆరేశాడు. అది ఆరేలోపు చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కున్నాడు. అయినా గోళ్ళలో ఫ్యాక్టరీ నూనె పోలేదు. నాయన దగ్గర మాడిపోయిన బల్బు ఒకటి అడిగి తెమ్మంటే తెచ్చాను. దాన్ని మేజోట్లో దూర్చి మడమ దగ్గరికి తెస్తే గుండ్రంగా, నున్నగా, కుట్టడానికి వీలుగా నిలిచింది.

చిక్కల్లా దారం దగ్గర వచ్చింది. అవ్వ డబ్బాలో తెల్లదారం ఉంది. నేను వద్దన్నాను. అది అమ్మది కాదు. చాకలామె చేతికెళ్ళిన అమ్మ నూలుండలు ఇప్పుడు ఏ ఇంట్లో ఉన్నాయో తెలియదు. మామ మేజోడును అటూ ఇటూ తిప్పి చూసి, కత్తెర అందుకుని, చిల్లు జోలికి పోకుండా, పైన పిక్క దగ్గర, ఏ లోపమూ లేని చోట మొన పెట్టి ఒక్క కుట్టు కత్తిరించాడు.

నేను అరిచాను. "వద్దు మామా!" అని అరిచానట. అవ్వ తర్వాత చెప్పింది, వీధి చివరి దాకా వినబడిందని. రెండు నెలల్లో నా నోట్లోంచి వచ్చిన పెద్ద మాట అదే. కింద సుత్తి ఆగిపోయింది.

"కొంజం ఓర్చుకో పాపా. ఎక్కువుండే చోట తీసి, లేని చోట పెట్టాల. ఇదీ అక్క నూలే గదా," అన్నాడు మామ.

ఆ తెగిన కొస పట్టుకుని వరస పొడుగునా దారం లాగాడు. రెండు వేళ్ళ వెడల్పున పైభాగం ఒక పట్టీలా ఊడి చేతికొచ్చింది. కింది అంచున నోళ్ళు తెరుచుకున్న కుట్లన్నిటినీ ఒకదానిలో ఒకటి దూర్చి, జారిపోకుండా ముగించాడు. తర్వాత ఆ పట్టీని విప్పుతుంటే దారం వంకులు వంకులుగా నా ఒళ్ళో పడింది. అమ్మ వేళ్ళు వేసిన ప్రతి కుట్టూ ఆ దారంలో అలాగే ముడుచుకుని ఉంది. మామూలుగా తడిపి సాగదీస్తారట. మామ నా ముఖం చూసి తడపలేదు. అప్పుడు తల తిప్పితే నాయన మెట్ల మీద నిలబడి ఉన్నాడు, సుత్తి చేతిలోనే ఉంది. ఆ దారాన్ని చూసి దిగిపోయాడు. ఆ పూట మళ్ళీ చప్పుడు వినబడలేదు.

చిల్లును లాగి మూయకూడదని మామ చెప్పాడు. దానికి అర అంగుళం దూరంలో, నేత గట్టిగా ఉన్న చోట మొదలుపెట్టాలి. చిల్లు మీదుగా నిలువు దారాలు పక్కపక్కనే వేసుకుంటూ పోవాలి, ప్రతి కొసనా కాస్త వదులు ఉంచాలి. బిగిస్తే మళ్ళీ ఉండ కడుతుంది. ఆ పైన, మంచానికి నవారు అల్లినట్టు, ఒకదాని కింద ఒకదాని మీద అడ్డదారం నడపాలి. చిల్లు ఎంత ఉందో అంతే ఉంటుంది, దాని మీద కొత్తగా గుడ్డ పుడుతుంది. వంకర దారం కావడంతో సూది లాగినప్పుడల్లా అడ్డం పడేది. అయినా ఆయన విసుక్కోలేదు. నిలువు దారాలన్నీ తనే వేశాడు.

అడ్డదారం మొదలుపెట్టబోతూ, కుడికాలి మేజోడు ఎంత అరిగిందో చూద్దామని తీశాడు. పలచబడి ఉంటే చిరగకముందే లోపలి నుంచి దారం వేసి బలం చేయాలట. దాన్ని తిరగేసి బల్బు మీద తొడిగి కిటికీ వైపు ఎత్తి పట్టుకున్నాడు. నన్ను దగ్గరికి పిలిచి చూపించాడు. మడమ మేరంతా జోడుదారం. నూలుతో పాటు సన్నని కుట్టుదారం ఇంకొకటి కలిపి అల్లి ఉంది. ఎంత నడిచినా అరగకుండా ఉండాలని. తర్వాత ఎడమదాన్ని పక్కన పెట్టాడు. అందులో ఒంటి దారమే. కుట్లు ఒకచోట బిగువు, ఒకచోట వదులు. రెండు మూడు చోట్ల జారిన కుట్టును మళ్ళీ ఎత్తి పట్టుకున్న జాడ కూడా ఉంది.

"ఇది ముందు అల్లింది," అన్నాడు కుడిదాన్ని ముట్టి.

నాకు గుర్తొచ్చింది. మొదటిది అల్లేటప్పుడు అమ్మ నాతో మాట్లాడుతూ, నవ్వుతూ అల్లింది. రెండోది నాలుగు వరసలు వేయడం, సూదులు గుండెల మీద పెట్టుకుని కళ్ళు మూసుకోవడం, మళ్ళీ ఎత్తుకోవడం. రెండు దారాలు కలిపి లాగడానికి ఆ వేళ్ళలో సత్తువ లేదు. నేను రెండు కాళ్ళూ ఈడ్చిందాన్నే, చిరిగింది ఒకటే. అది నా నడక వల్ల కాదు. అమ్మ బలం ఎక్కడ అయిపోయిందో సరిగ్గా అక్కడ చిరిగింది.

మామ సూదిని నా చేతికిచ్చి, మిగతాది నన్ను వేయమన్నాడు. ఒకటి మీద, ఒకటి కింద. వంకరగానే వేశాను. చిల్లు నిండాక చుట్టూ ఉన్న ఒంటి నేతకు కూడా లోపలి నుంచి రెండో దారం నడపమన్నాడు. కుడిదానికి ఆ పని అక్కర్లేకపోయినా, జత సమానంగా ఉండాలని దాని పైభాగం కూడా రెండు వేళ్ళు తగ్గించి, ఆ నూలు కూడా ఎడమ మడమకే వాడాడు. సగం అయ్యేసరికి కాలి దగ్గర ఏదో కాలుతున్నట్టు అనిపించింది. చీమ కుట్టిందేమోనని చూసుకున్నాను. చీమ లేదు.

"మామా, మడమ నొస్తా ఉండాది."

"నొస్తా ఉండాదా?" అన్నాడు. మళ్ళీ ఒకసారి అదే మాట అన్నాడు. లేచి వెళ్ళి పిట్టగోడ పట్టుకుని, నాకు వీపు చూపిస్తూ చాలాసేపు నిలబడ్డాడు. నేను పిలవలేదు. మంట మోకాలి దాకా ఎక్కుతుంటే, పళ్ళు బిగించి కుట్టుకుంటూ కూర్చున్నాను.

సోమవారం సిస్టరు ఆ మడమను వేలితో నొక్కి చూసి లోపలికి పొమ్మంది. ఆ జత నా కాలికి చిన్నదయ్యేదాకా, ఇంకా ఏడాది పైనే నిలిచింది. అమ్మ రాలేదు. చిన్నవైపోయిన రోజు నేనే వాటిని ఉతికి, అవ్వ అడగకముందే చాకలామె కూతురికి ఇచ్చేశాను.

ఇప్పుడు మాధవరంలో మా కూతురింట్లో ఉంటున్నాను. మనవరాలి బడికి కొత్త మేజోళ్ళు కొన్నప్పుడల్లా, అది తొడుక్కోకముందే బల్బు ఒకటి పెట్టుకుని మడమలకు లోపలి నుంచి రెండో దారం వేస్తాను. డజను వంద రూపాయలకు దొరికే వాటికి ఈ చాకిరీ ఏమిటని మా కూతురు విసుక్కుంటుంది. నేను వినను. అన్నానికి పిలిచినా, ఎవరైనా ఇంటికొచ్చినా, ఒకటి ముగించి రెండోది తర్వాత చూద్దామని మాత్రం లేవను. రెండు మడమలూ ఒకే విడతలో పూర్తిచేస్తాను.