నాలుగో అంతస్తు కోసం అర్జీ

డిగ్రీ రెండో సంవత్సరంలో మా సెక్షన్‌ను కింది అంతస్తు నుంచి నాలుగో అంతస్తుకు మార్చారు. నోటీసు బోర్డు మీద ఒక్క లైను, కింద ఒక సంతకం. పైన గాలి బాగా వస్తుందని అందరూ సంబరపడ్డారు. నేను మాత్రం మెట్ల వైపు చూశాను. నా ఎడమ కాలు పుట్టుకతోనే పొట్టిది, బలం లేనిది. చేతికర్ర ఉంటే నేల మీద ఎంతైనా నడుస్తాను. ఉప్పల్ చౌరస్తాలో రోడ్డు దాటేటప్పుడు రెండు కాళ్లూ బాగున్నవాళ్లే నా వెనక నిలబడతారు. మెట్ల దగ్గర మాత్రం నా తెలివి ఏమీ పనిచేయదు.

కాలేజీలో లిఫ్టు లేదా అంటే, ఉంది. నాచారంలో ఫ్యాక్టరీల గోడలకు ఆనుకుని కట్టిన బిల్డింగు మాది. అందులో మెరిసేది ఏదైనా ఉందంటే ఆ లిఫ్టే. స్టాఫ్‌కు, అతిథులకు మాత్రమే అని దాని మీద కాగితం అతికించి, తాళంచెవి ఆఫీసులో పెట్టుకున్నారు.

మొదట్లో నా పక్క సీటు అమ్మాయి భుజం పట్టుకుని ఎక్కేదాన్ని. ఆమె మల్లాపూర్ నుంచి షేర్ ఆటోలో వచ్చి నా కోసం గేటు దగ్గర ఆగేది. మేము పైకి చేరేసరికి హాజరు పిలవడం అయిపోయేది. నా వల్ల ఆమెకూ ఆబ్సెంటు పడేది. ఒకరోజు, నువ్వు పో, నేను మెల్లగా వస్తానని చెప్పి మెట్ల పక్కనున్న సిమెంటు బెంచీ మీద కూర్చున్నాను. మెల్లగా కూడా వెళ్లలేదు. మర్నాడు కూడా అంతే. ఆ తర్వాత ఆ బెంచీయే నా క్లాసయింది. పై నుంచి మెట్ల సందులో నవ్వులు జారి వచ్చేవి. జోకు దారిలోనే ఎక్కడో పడిపోయి, ఉత్త నవ్వు మాత్రం నా దాకా చేరేది. హాజరు తక్కువైతే పరీక్ష రాయనివ్వరు. అంటే ఆ ఏడాది మొత్తం పోతుంది.

నేను దుకాణంలో పెరిగినదాన్ని. ఉప్పల్ మార్కెట్లో మా నాన్నకు ప్లాస్టిక్ సామాన్ల షాపు ఉంది. బకెట్లు, మగ్గులు, స్టూళ్ల మధ్యే హోంవర్కు చేశాను. అక్కడ రెండు సంగతులు ఎవరూ నేర్పకుండానే వంటబట్టాయి. ధర ఎప్పుడూ ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే అవతలివాడు ఎలాగూ తగ్గిస్తాడు. రెండోది, గల్లీలో గొడవ గల్లీలోనే తెగాలి. రెండు షాపులవాళ్లు కొట్టుకున్నంత పనిచేసినా, అందరికంటే పాత షాపు సేటు వచ్చి స్టూలు మీద కూర్చుంటాడు, చాయ్ వస్తుంది, ఇద్దరూ కొంత కొంత వదులుకుంటారు. మా గల్లీ నుంచి ఏ ఆఫీసుకైనా ఫిర్యాదు పోవడం నేను చూడలేదు. అందుకే ముందు ప్రిన్సిపాల్ దగ్గరికే పోయాను.

ఆయన కోస్తా నుంచి వచ్చిన మనిషి, మర్యాదస్తుడు. కూర్చోమని కుర్చీ చూపించాడు. లిఫ్టు తాళం ఇప్పించండి సార్ అంటే, నీకిస్తే అందరూ అడుగుతారు, పాడైతే ఎవరు బాగుచేయిస్తారు అని కాసేపు చెప్పి, గొంతు తగ్గించాడు.

"అయినా నువ్వెందుకమ్మా అంత అవస్థ పడటం? అటెండెన్స్ సంగతి మేం చూసుకుంటాం. ఇంట్లో చదువుకుని పరీక్షలకు రా, చాలు."

బయటికొచ్చేటప్పుడు నాకు గర్వంగానే ఉంది. అడిగినదానికంటే ఎక్కువే సాధించాననుకున్నాను. నాన్నకు చెబితే ఆయన నాకంటే మురిసిపోయాడు. "ఇంకేం గావాలె బిడ్డా. కాలు కదపకుండ పనైతుంది. ఎవడిస్తడు గట్ల?" అన్నాడు.

కొన్నాళ్లు ఆ బేరం ప్రకారమే నడిచాను. పొద్దున్నే షాపులో కూర్చుని బకెట్లు అమ్మాను. పైన మెట్రో రైళ్లు పోతుంటే, అందులో బ్యాగులేసుకున్నవాళ్లు ఎవరెవరో అని తలెత్తి చూసేదాన్ని. క్లాసు గ్రూపులో మెసేజీలు వచ్చేవి. నోట్సు, సినిమా టిక్కెట్లు, ఎవరిదో పుట్టినరోజు కేకు ఫోటో. నేను రావడం లేదేమని అందులో ఎవరూ అడగలేదు. రిజిస్టరులో నేను రోజూ వస్తూనే ఉన్నాను మరి. అప్పటికి గాని నాకు బుద్ధి రాలేదు. ఇంత బేరం తెలిసినదాన్ని, సరుకు ఇవ్వకుండా బిల్లు మాత్రం చేతిలో పెడితే నవ్వుకుంటూ ఇంటికి తెచ్చుకున్నాను.

ఫిర్యాదు ఎక్కడ ఎలా చేయాలో షాపులో కూర్చునే ఫోన్లో వెతికాను. ముందు కాలేజీలోనే ఫిర్యాదుల కమిటీ ఒకటి ఉంటుంది, దానికి రాయాలి. రాసినట్టు మన కాపీ మీద ముద్ర వేయించుకోవాలి. వాళ్లు పలక్కపోతే యూనివర్సిటీలో విద్యార్థుల ఫిర్యాదులు వినడానికి అంబుడ్స్‌పర్సన్ అని ఒకరుంటారు, ఆ కాపీ జతచేసి వారికి పంపొచ్చు. నాలాంటివాళ్ల హక్కులు చూసే రాష్ట్ర కార్యాలయం ఇంకొకటి ఉంది. దానికి తెల్ల కాగితం చాలు, వకీలు అక్కర్లేదు. ఇవన్నీ ఎక్కడో దాచిపెట్టినవి కావు. మా కాలేజీ వెబ్‌సైటు అడుగున కమిటీ సభ్యుల పేర్లు కూడా ఉన్నాయి. అంత కిందికి ఎవరూ దిగరు, అంతే.

ఒక్కదాన్నే రాస్తే పలచగా ఉంటుందని గ్రూపులో సంతకాలు అడిగాను. బొటనవేళ్లు బాగానే లేచాయి. కాగితం పట్టుకుని గేటు దగ్గర నిలబడితే మాత్రం ఒకరికి బస్సు, ఒకరికి ల్యాబు. మల్లాపూర్ అమ్మాయి ఆగింది. కాగితం చదివింది. పెన్ను తీసుకోలేదు.

"ఇంటర్నల్ మార్కులు ఆళ్ల చేతుల ఉన్నయే. నిన్నైతే ఏమనరు. నన్నంటరు."

సరేలే అన్నాను. నా కోసం ఆమె అప్పటికే ఎన్ని ఆబ్సెంట్లు వేయించుకుందో నాకు తెలుసు. ఆ తర్వాత నేను సంతకాల కోసం గేటు దగ్గర నిలబడిన రోజుల్లో ఆమె ఆగలేదు. ఫోను చూసుకుంటూ దాటిపోయేది.

కమిటీకి ఒక్కదాన్నే ఇచ్చాను, ముద్ర వేయించుకున్నాను. ఎదురుచూశాను, జవాబు రాలేదు. అప్పుడు యూనివర్సిటీకీ, రాష్ట్ర కార్యాలయానికీ అర్జీలు తయారుచేశాను. అక్కడే నా పెంపకం బయటపడింది. లిఫ్టు ఒక్కటే అడిగితే అందులో సగం ఇస్తారు, సగం లిఫ్టు ఏం చేసుకోవాలి? అందుకని దాని మీద ఇంకొన్ని కలుపుకున్నాను. తాగునీళ్లు లేవని, లైబ్రరీ తెరవరని, క్యాంటీన్ మురికని, బాత్రూములకు గడియలు లేవని, ఇంకా ఏవేవో. లిఫ్టును మధ్యలో ఎక్కడో పెట్టాను. దేని మీద మనకు మోజుందో అవతలివాడికి తెలియనివ్వకూడదు కదా.

రాష్ట్ర కార్యాలయం అడిగితే కాలేజీ ఇచ్చిన జవాబు నాకు చేరింది. ఒక్కోదానికి ఒక్కో రంగు ఫోటో. నీళ్ల కూలరు దగ్గర బాటిల్ నింపుకుంటున్న అమ్మాయి మా మల్లాపూర్ అమ్మాయే. కెమెరా వైపు చూసి నవ్వుతోంది. లైబ్రరీలో మా సెక్షన్ అంతా పుస్తకాలు తెరుచుకుని కూర్చుంది. లిఫ్టు గురించి, లిఫ్టు కలదు, పనిచేయుచున్నది అని రాసి, దాని ఫోటో కూడా పెట్టారు. ఒక్క అక్షరం అబద్ధం లేదు. నేను లేని క్లాసును అంత దగ్గరగా చూడటం అదే మొదటిసారి. ఆ ఫోటోలు చాలాసేపు చూశాను.

యూనివర్సిటీ నుంచి ఏమీ రాలేదు గాని, రాష్ట్ర కార్యాలయం నుంచి రమ్మని ఫోన్ వచ్చింది. నాన్నను రమ్మంటే, మనకు వాళ్లతో పెట్టుకునుడు మంచిగ లేదు బిడ్డా అని షాపు షట్టరు తీయడానికి వెళ్లిపోయాడు. మెట్రో ఎక్కి ఒక్కదాన్నే పోయాను. అక్కడి అధికారిణికి మా అమ్మ వయసుంటుంది. నా అర్జీ, కాలేజీ జవాబు పక్కపక్కన పెట్టుకుని ఉంది.

"నీళ్లు రావట్లేదా నిజంగ?" అని అడిగింది.

వస్తాయి మేడం, కొంచెం సన్నగా వస్తాయి అన్నాను.

"లైబ్రరీ?"

తెరుస్తారు, కానీ తొందరగా మూస్తారు అన్నాను.

"మరెందుకు రాసినవమ్మా?"

అప్పుడిక దాచలేదు. "ఎట్లయినా తగ్గిస్తరు గదా మేడం. అందుకే జర ఎక్కువ జెప్పిన."

ఆమె నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"ఈడ తగ్గించుడు ఉండదు. నువ్వు రాసిన ప్రతి ముక్కకు నేను ఆళ్లను సాక్ష్యం అడగాలె. నీళ్ల ముచ్చట తప్పని తేలితే, లిఫ్టు ముచ్చట ఎవరు నమ్ముతరు? నీకేం గావాలె? ఒక్కటి జెప్పు."

పుట్టి బుద్ధెరిగాక నన్నెవరూ ఒకే ధర అడగలేదు. చివరికి, క్లాసులో కూర్చోవాలి అన్నాను. అదే రాసియ్యి అంది. అక్కడే కొత్త కాగితం మీద రాశాను. నాలుగు లైన్లు కూడా రాలేదు. అంత చిన్న అర్జీ చూసి నాకే భయమేసింది. ఖాళీ షాపులాగా అనిపించింది.

విచారణ రోజు ప్రిన్సిపాల్ నా ఎదురుగా కూర్చున్నాడు. అక్కడ కూడా మర్యాదగానే, హాజరు పూర్తిగా వేస్తామని, పరీక్షలకు నేనేం భయపడక్కర్లేదని చెప్పాడు. అధికారిణి నా వైపు తిరిగి ఒప్పుకుంటావా అని అడిగింది. ఆ క్షణం నా లోపలి దుకాణం లేచి కూర్చుంది. ఇంకొంచెం బెట్టు చేస్తే ఫస్ట్ క్లాసు కూడా ఇప్పిస్తాడేమో అనిపించింది, అబద్ధమెందుకు. అయినా, ఒప్పుకోను మేడం, నేను పైకి పోవాలె అన్నాను.

సెక్షన్‌ను కిందికి దించండి, లేదా లిఫ్టు తెరవండి అని ఉత్తర్వు వచ్చింది. కాలేజీ లిఫ్టునే ఎంచుకుంది. తాళంచెవి వాచ్‌మన్‌కు ఇచ్చారు. ఉత్తర్వులో ఉన్నది నా ఒక్కదాని సంగతే కాబట్టి, నేను తప్ప ఇంకెవరూ ఎక్కకూడదన్నారు. నాతో ఒకరైనా రావచ్చా అని ఆఫీసులో అడిగాను. "నువ్వు రాసుకున్నదే ఇచ్చినం గదమ్మా," అన్నాడు గుమస్తా. అది కూడా నిజమే. జీవితంలో మొదటిసారి దాని మీద ఏమీ కలపకుండా అడిగింది నేనే.

మొదటిరోజు వాచ్‌మన్ తాళం తీసి నన్ను లోపల నిలబెట్టి మీట నొక్కాడు. పక్కన మెట్ల మీద మా వాళ్లంతా మాట్లాడుకుంటూ ఎక్కుతున్న చప్పుడు గోడలోంచి వినబడింది. వాళ్లకంటే ముందే చేరాను. హాజరు పిలిచినప్పుడు నేను ఎస్ సార్ అంటే, ఒకరిద్దరు వెనక్కి తిరిగి చూసి మళ్లీ బోర్డు వైపు తిరిగారు. నా పక్క సీటు ఖాళీగా ఉంది. మల్లాపూర్ అమ్మాయి రెండు వరుసల ముందుకు మారిపోయింది. నా వైపు చూడలేదు గాని, లెక్చరర్ వేగంగా చెబుతున్నచోట తన నోట్సు నాకు కనిపించేంత పక్కకు జరిపింది. నాకోసమో, చేయి నొప్పెట్టో, తెలియదు.

మధ్యాహ్నం బెల్లు కొట్టగానే అందరూ మెట్ల మీదుగా క్యాంటీనుకు దిగిపోయారు. వాచ్‌మన్‌కు ఫోన్ చేశాను. అన్నం తింటున్న బిడ్డా, జర ఆగు, వస్త అన్నాడు. సరే అన్నాను. కిటికీలోంచి నాచారం ఫ్యాక్టరీల రేకుల కప్పులు, వాటికి అవతల ఉప్పల్ స్టేడియం లైట్ల స్తంభాలు కనిపిస్తున్నాయి. గాలి నిజంగానే బాగా వస్తోంది. బోర్డు మీద ఉన్నదంతా తీరిగ్గా రాసుకున్నాను. ఆ తర్వాత నా సీట్లోనే కూర్చుని టిఫిన్ డబ్బా మూత తీశాను.