పసుపు కుంకుమ పొలం

నూజెండ్ల పొలం కౌలుకు చేస్తున్న రఫీక్ ఫోన్ చేసేసరికి, హైమావతి నరసరావుపేటలో తమ మేడ మీద పచ్చడికని ఉంచిన మిరపకాయలు ఎండబోస్తున్నది. కౌలు కార్డు కోసం అతను పొద్దున్నే ఊరి సచివాలయానికి వెళ్లాడు. అక్కడ పని కాలేదు.

"అక్కా, పొలం బావగారి పేరున లేదంట. ఏదో కుటుంబ ట్రస్టు అని వస్తంది. అమ్మేశారా ఏంది, నాకు మాటమాత్రం చెప్పకుండా?"

"అమ్మటమేంది రఫీక్? నేనుండగా ఆ పొలం ఎవరమ్ముతారు? ఇంకో నంబరు కొట్టుంటారు చూడు."

"నేనూ అదే అన్నా. మూడుసార్లు కొట్టి చూపించారక్కా."

ఆ రెండెకరాలు హైమావతికి ఆమె తల్లి పసుపు కుంకుమ కింద ఇచ్చింది. ఆ తల్లికి ఆమె తల్లి ఇచ్చింది. మూడు తరాలుగా ఆ చెక్క ఆడపిల్లకే పోతున్నది. హైమావతి తన కూతురు సుప్రజకి మొదటి కాన్పయి, ఆడపిల్ల పుట్టిన రోజునే ఆస్పత్రిలో అందరి ముందూ అనేసింది, నూజెండ్ల పొలం సుప్రజకనీ, తర్వాత ఈ పిల్లకనీ.

ఆమె పేరుకి మాత్రమే పొలం గల మనిషి కాదు. భర్త త్రికోటేశ్వరరావు ఎరువుల కొట్టు చూసుకుంటే, ఆమె ఏటా కోతలప్పుడు మొదటి బస్సుకి నూజెండ్ల వెళ్లి కల్లంలో నిలబడేది. తాలుకాయలు ఏరే ఆడవాళ్లతో పాటే కూర్చుని ఏరేది. ఘాటుకి ముక్కులు కారుతుంటే, "మా పొలం కాయ, ఏడిపించకుండా పంపదు" అని నవ్వించేది. మోకాళ్లు అరిగినాకే రఫీక్‌కి కౌలుకిచ్చింది.

పొలం భర్త పేరుకి మారింది బోరు వేయించిన ఏడు. అంతా ఒకే పాసుబుక్కులో ఉంటే లోను తేలిక అని బ్యాంకులో అన్నారు. గిఫ్టు రాయమని త్రికోటేశ్వరరావు అడిగితే ఆమె రెండో మాట అనలేదు. "పేరుదేముందే, పొలం నీదే గదా" అన్నాడు. అంతకుముందు కట్టిన ఇల్లు ఆమె పేరున ఉంది. ఆ చుట్టుపక్కల కాపురాలన్నీ అట్లాంటివే. మగాడి పేరున పొలం, ఆడదాని పేరున ఇల్లు. ఏది ఎవరిదని ఎవరూ అడగరు.

ఆమె కిందికి దిగి వచ్చింది. త్రికోటేశ్వరరావు వరండాలో కుర్చీ వేసుకుని పేపరు చదువుతున్నాడు. కిందటేడు స్టెంటు వేసిన దగ్గర్నుంచి కొట్టు కొడుకు సుమంత్ చూస్తున్నాడు.

"నూజెండ్ల పొలం ట్రస్టులో పెట్టారంట?"

ఆయన పేపరు దించలేదు. "పొలాలన్నీ పెట్టాం. విల్లు రాస్తే నేను పోయినాక గొడవలొస్తయ్యే. ట్రస్టయితే బతికుండగానే సర్దేసినట్టు. నేనున్నన్నాళ్లు నేను చూస్తా, తర్వాత సుమంతు చూస్తాడు. నీకు ఏ లోటూ లేకుండా రాయించా."

"నా పొలం కూడానా?"

"సాక్షి సంతకం నువ్వే పెట్టావు గదే."

ఆమెకి గుర్తొచ్చింది. వేసవిలో, రిజిస్ట్రారాఫీసు ముందు చెరుకురసం తాగి, లోపలికి వెళ్లి, పెన్సిలుతో టిక్కు కొట్టిన చోటల్లా సంతకం చేసింది. పెళ్లయిన దగ్గర్నుంచి ఆయన కాగితాలకి సాక్షి ఆమే. ఒక్కటీ చదవలేదు. మొగుడి కాగితం చదవటమంటే మొగుణ్ణి అనుమానించటమే అనుకునేది.

ఆ పూట బీరువాలోంచి ట్రస్టు కాగితాలు తీసి చదివింది. పద్నాలుగు పేజీలు. ఆమె పేరు తొమ్మిదో పేజీలో ఉంది: బతికినంతకాలం తిండికీ, బట్టకీ, మందులకీ ట్రస్టీ ఇవ్వవలెను. ఆమె పొలం మిగతా పొలాల మధ్య ఒక సర్వే నంబరై ఉంది. ఆయన తర్వాత ఆస్తంతా సుమంత్‌కి, అతని పిల్లలకి. సుప్రజ పేరు ఎక్కడా లేదు.

మర్నాడు దస్తావేజులు రాసే బ్రహ్మం దగ్గరికి ఒక్కతే వెళ్లింది. ఆయన కళ్లజోడు సర్దుకుని చూసి, "ఇది రద్దుకు వీలున్న ట్రస్టేనమ్మా" అన్నాడు. "అయ్యగారు ఎప్పుడంటే అప్పుడు మార్చుకోవచ్చు. ఒక్క నంబరు తీసెయ్యటం ఎంతసేపు? కాకపోతే ఆయన ఉన్నప్పుడే. ఆ తర్వాత ఎవరొచ్చినా కదలదు."

ఆమెకి ప్రాణం లేచొచ్చింది. మార్పు కాగితం రాయించుకుని ఇంటికొచ్చి భర్త ముందు పెట్టింది.

"ఇంకేం అడగను. నా తల్లి ఇచ్చింది ఒక్కటీ తీసేయండి."

త్రికోటేశ్వరరావు కాగితం అటూ ఇటూ తిప్పాడు. "సుమంతుని అడిగి చెప్తా."

"నా పొలం నాకియ్యటానికి వాణ్ణి అడగాలా?"

"ఊరికే అరవమాక. చూద్దాంలే. గురువారం రిజిస్ట్రేషనుకి స్లాటు తీసుకున్నాడు వాడు, ఇల్లు కూడా ట్రస్టులో కలపాల. అది నీ పేరున ఉంది గదా, నువ్వే రాయాల. ముందు అది కానీ. అప్పుడు నీ పొలం సంగతి మాట్లాడదాం."

నలభై ఏళ్ల కాపురంలో ఆయన ఆమెతో బేరమాడటం అదే మొదలు. సంతలో దూడ పళ్లు చూసినట్టు చూస్తున్నాడనిపించింది. ఆమె కాగితం మడిచి తీసేసుకుంది.

ఆ సాయంత్రం గుంటూరులో టీచరుగా చేస్తున్న సుప్రజకి ఫోన్ చేసింది. ఎట్లా చెప్పాలో తెలియక ముందు పిల్ల చదువు గురించి అడిగింది. తర్వాత, "నీకిస్తానన్న పొలం నా చేతిలో లేకుండా పోయిందే" అంది. "అయినా నేను ఊరుకోను. మీ నాన్న చేత తీయిస్తా."

అవతల సుప్రజ పిల్లని పక్కగదిలోకి వెళ్లమంది.

"అమ్మా, నాకు తెలుసు."

"ఏం తెలుసు?"

"డీడు రాయకముందే అన్నయ్య వచ్చాడు. పొలం అడగనంటే, ఇక్కడ మేం కొన్న ఫ్లాటుకి తను సాయం చేస్తానన్నాడు. నేను సరే అన్నా. అంతదూరం వచ్చి ఆ మిరపచేను నేనేం చేసుకుంటానమ్మా? నీకు చెప్పొద్దన్నారు, బాధపడతావని."

"ఎవరన్నారు?"

"అందరం అనుకున్నాం."

హైమావతి ఫోన్ పెట్టేసింది. భర్తా కొడుకూ చేసింది ఆమె తట్టుకోగలిగింది, ఎందుకంటే ఎదురుగా నిలబడి కొట్లాడటానికి కూతురు కారణంగా ఉంది. ఇప్పుడు ఎవరి కోసం కొట్లాడాలో తెలియలేదు. ఆ ఇంట్లో తనొక్కదానికే తెలియకుండా అందరూ కూర్చుని ఒక మాట అనుకున్నారు. తను ఆ రోజు టీలు కూడా కాచి ఇచ్చే ఉంటుంది.

గురువారం తొమ్మిదింటికి సుమంత్ కారు తెచ్చి హారన్ కొట్టాడు. త్రికోటేశ్వరరావు ఇస్త్రీ చొక్కా వేసుకుని ఫైలు పట్టుకుని నిలబడ్డాడు. ఆమె వంటింట్లో బెండకాయలు తరుగుతున్నది.

"ఏమే, ఇంకా తెమల్లేదా? స్లాటు పోద్ది."

"నేను రాను."

"అదేంది? పొలం సంగతి వచ్చాక చూద్దామన్నా గదా."

"పొలం వద్దు. ఉంచుకోండి."

సుమంత్ లోపలికొచ్చాడు. "అమ్మా, నీ మంచికే చెప్తున్నాం. రేపు నీకేమన్నా అయితే ఈ ఇల్లు ఎవరికి పోద్దో ఏందో, ఎంత గొడవ!"

"అట్లాగే పోనీ."

"పొలం సుప్రజ వద్దందిగా. మరి ఇల్లు ఎవరి కోసం దాచిపెట్టుకుంటావే?" త్రికోటేశ్వరరావు గొంతు పెంచాడు.

"ఇంకా అనుకోలేదు," అంది హైమావతి. "అనుకున్నా మీకు చెప్పను."

బయట వీధిలో ఎవరో బండికి అడ్డంగా ఉందని కారు తీయమంటున్నారు. సుమంత్ తండ్రి వంక చూశాడు. ఆమె తరిగిన ముక్కలు పళ్లెంలోకి తోసి, ఇంకో బెండకాయ తీసుకుంది.