చావింటి మీద స్టార్

నిన్న పొద్దున స్టూడియోలో మైకు సెట్ చేస్తుంటే ఫోన్ మోగింది. మా డబ్బింగ్ వాళ్ల వాట్సాప్ గ్రూప్.

"ఎస్తేరక్క నో మోర్."

నో మోర్ ఏంటి? మొన్న సాయంత్రమే కదా ఫోన్ చేసి, "పండుగనాడు డ్యూటీ పెట్టుకోకు తమ్మీ, చక్కగ ఇంటికొచ్చి కేక్ తిను" అని ఆర్డర్ వేసింది?

నిద్రలోనే గుండె ఆగిపోయిందట.

నేనింకా కుర్చీలోంచి లేవనే లేదు, గ్రూప్‌లో RIPలు మొదలయ్యాయి. దండం పెట్టే చేతులు. ఒక మహానుభావుడైతే శాంటా తాత స్టిక్కర్ పెట్టి, "అక్క ఈసారి క్రిస్మస్ స్వర్గంలో చేసుకుంటోంది" అని రాశాడు.

బాబూ, అక్క క్రిస్మస్ షేక్‌పేటలో చేసుకోవాలనుకుంది. తన కిరాయి ఇంట్లో, యోహాను బావతో. స్వర్గానికి పంపమని నిన్నెవడైనా అడిగాడా?

ఆవిడ ఎవరో తెలియనివాళ్లకి చెప్తున్నాను. మా ఫిల్మ్ నగర్‌లో హీరోయిన్‌కి మాటలు ఒకరు చెప్తారు. గుండె పగిలే ఏడుపు వచ్చిందంటే మాత్రం అక్కకి కబురు వెళ్లేది. మీరు థియేటర్‌లో కళ్లు తుడుచుకున్నారే, అది చాలాసార్లు ఆవిడ గొంతు. టైటిల్స్‌లో పేరు వెతక్కండి, ఉండదు.

సౌండ్ ఇంజనీర్‌ని కాబట్టి గాజు అద్దం ఇవతల కూర్చుని అన్నీ విన్నాను. ఒళ్లు జలదరించేలా ఏడ్చేది. టేక్ ఓకే అనగానే హెడ్‌ఫోన్స్ తీసి, "మిర్చి బజ్జీలు చెప్పినవా లేదా?" అనేది.

పోయిన డిసెంబర్‌లో జూబ్లీ హిల్స్‌లో ఒక పెద్దాయన ఇంట్లో క్రిస్మస్ పార్టీ. సీలింగ్ దాకా చెట్టు, దాని మీద మంచు బదులు దూది. క్యారల్స్ పాడటానికి అక్కవాళ్ల చర్చి గుంపుని పిలిచారు, మైకులు పెట్టడానికి నేనూ వెళ్లాను. రెండో పాటకే ఇంటావిడ వచ్చి, "కొంచెం హ్యాపీగా పాడండమ్మా, గెస్టులున్నారు" అంది.

నాకు ఒళ్లు మండింది. అక్క మాత్రం గేటు దాటాక పడీ పడీ నవ్వింది. "పశుల పాకల పుట్టినోని పాట గిట్లనే ఉంటది తమ్మీ. ఆమెకేం ఎరుక?"

ఇక అసలు విషయం.

అక్కకి ఒక్కతే కూతురు, కీర్తన. కొన్నేళ్ల కింద, ఏడో తరగతిలో ఉండగా జ్వరం వచ్చి చనిపోయింది. క్రిస్మస్ ఇంకో నెల ఉందనగా.

వాళ్ల చర్చివాళ్లలో చావైన ఇంటికి ఆ ఏడు క్రిస్మస్ స్టార్ కట్టరు, పండుగ చెయ్యరు. అక్క నన్ను పిలిచి నిచ్చెన పట్టుకోమంది. స్టార్ కడుతుందట! వీధి వీధంతా బయటికొచ్చి చూస్తోంది. నాకు పిచ్చి కోపం వచ్చింది.

"నీ బిడ్డని కాపాడనోడికి లైటింగ్ ఎందుకక్కా?" అన్నాను.

(ఇప్పుడడిగినా అదే అంటాను. దేవుడితో నాకు రాజీ లేదు.)

అక్క పైమెట్టు మీద నిలబడి వైరు కడుతోంది. కళ్ల నీళ్లు కారిపోతున్నాయి, తుడుచుకోవడం లేదు.

"బైబిల్ల జూడు, ఆయన పుట్టినంక ఆయన పుట్టిన ఊర్ల ఏమైంది తమ్మీ? ఆయన మీది భయంతోటి రాజు పసిపోరగాళ్లను సంపించిండు. ఇంటింటికీ ఏడుపే. గసొంటి ఊరి మీదికే వచ్చింది గదా ఆయన పుట్టిండని చెప్పే సుక్క? సావు లేని ఊరు ఏరుకోని పోలే. నా ఇంటి మీద గాకపోతే ఇంకెవరింటి మీద కట్టాలె?"

"మరెందుకు ఏడుస్తున్నావ్?"

"ఏడుస్తనే కడుతున్న. నువ్వు నిచ్చెన గట్టిగ పట్టు."

స్టూడియోలో విన్న ఏడుపు కాదది. అసలు శబ్దమే లేదు.

నిన్న సాయంత్రం సమాధి చేసి ఇంటికొచ్చాం. అక్క ఈ ఏడు కట్టిన స్టార్ ఇంకా వేలాడుతోంది. బావ తమ్ముడు నేరుగా వెళ్లి దాన్ని పీకి మూల పడేశాడు.

"అది మీ వదిన కట్టింది" అన్నాను.

"సావైన ఇంటికి స్టార్ ఏంది? నలుగురు ఏమనుకుంటరు?"

ఆ నలుగురు కూడా తలలూపారు. అక్కడే గొడవపెట్టుకున్నాను. ఇవాళ చీకటి పడగానే చర్చి వాళ్లు క్యారల్స్‌కి వస్తారు. స్టార్ వెలిగే ఇంటి ముందే ఆగి పాడతారు. లేకపోతే పండుగ లేదనుకుని చప్పుడు చెయ్యకుండా దాటిపోతారు. అక్క ఇంటిని, అక్క పాడిన గుంపే దాటిపోవాలా?

"నువ్వు చర్చికే రావు, నీకెందుకు?" అన్నారు. నిజమే. బయటికొచ్చేశాను.

యోహాను బావ సినిమాల్లో లైట్‌మన్‌గా పనిచేసిన మనిషి. మూల పడున్న స్టార్ వైపే చూస్తూ కూర్చున్నాడు.

ఇందాక ఫోన్ చేశాడు.

"తమ్మీ, బల్బు పగిలింది. కొత్తది ఏసిన. జర వచ్చి నిచ్చెన పట్టుకుంటవా?"

వెళ్తున్నాను. RIP కొట్టినవాళ్లకి నిజంగా బాధ ఉంటే సాయంత్రం షేక్‌పేట రండి. స్టార్ గుర్తు. పాటలు హ్యాపీగా ఉండవు, ముందే చెప్తున్నా.

వెళ్లిరా అక్కా. కీర్తన పక్కన ప్రశాంతంగా ఉండు. ఆ శాంతి కూడా నీకివ్వకపోతే మాత్రం, మీ దేవుణ్ణి నేను వదలను.